కథ విన్నామని ఒక సంతకం పెట్టండి

తెలుగు చలనచిత్ర నిర్మాతల మండలి పెద్దలకు, తెలుగు సినీ రచయితల సంఘం పెద్దలకు, కథలు వినే దర్శకులందరికీ,

నమస్కారం.

మాది గుంటూరు. బ్రాడీపేటలో పుట్టి పెరిగాను. 11 ఏళ్లుగా అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటున్నాను. అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. సెలవు మీద ఇంటికి వచ్చి 12 రోజులైంది. ఈ ఉత్తరం మా వసారాలో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా 118 పేజీల స్క్రిప్టు ఉంది. డ్యూటీ దిగాక, పిల్లలు పడుకున్నాక, రాత్రిపూట కొంచెం కొంచెంగా నాలుగేళ్లు రాసింది. మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ఎవరైనా మీకు కథ చెబితే, స్క్రిప్టు పంపితే, విన్నామని, అందిందని కాగితం మీద ఒక సంతకం పెట్టి ఇవ్వండి.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి.

నా కథ మిర్చి యార్డులో జరుగుతుంది. గుంటూరు వాళ్లకు ఆ యార్డు గురించి చెప్పక్కర్లేదు. సీజన్లో ఆ రోడ్డు మీద పోతుంటేనే కళ్లు మండుతాయి, గొంతులో గరగర. లోపల టిక్కీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా. పల్నాడు నుంచి ఒక రైతు 40 టిక్కీల తేజ కాయ తెస్తాడు. ఆ రోజు రేటు కుదరదు. రాత్రికి అక్కడే ఉండిపోతాడు. వెంట పదేళ్ల కూతురు బుల్లెమ్మ. ఒక టిక్కీ కుట్టు ఊడి కాయలు కింద పడతాయి. ఆ పిల్ల నిద్రపట్టక వాటిని ఏరుతూ, ఎర్ర కాయ అయితే రూపాయి, రంగు పోయిన తాలు కాయ అయితే అర్ధరూపాయి అని లెక్క పెట్టుకుంటుంది. అలా లెక్క పెడుతూ నాన్న అప్పు ఎన్ని కాయలకు తీరుతుందో చూస్తుంది. తెల్లవారుజామున తూకం వేసే దడవాయి వచ్చి, ఆ పిల్ల ముందు ఉన్న రెండు కుప్పలు చూసి, ఏమీ అనకుండా తాలు కుప్పలోంచి నాలుగు కాయలు తీసి ఎర్ర కుప్పలో వేస్తాడు. ఆ సీను రాయడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆ దడవాయి మాట్లాడాలా వద్దా అన్నది తేలక, డైలాగు రాసి కొట్టేసి, మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను.

మూడేళ్ల కిందట, మొదటి డ్రాఫ్టు అయ్యాక, తెలిసినవాళ్ల ద్వారా ఒక నిర్మాణ సంస్థ వాళ్లకు వీడియో కాల్‌లో కథ చెప్పాను. అక్కడ ఉదయం, ఇక్కడ రాత్రి. గంటా నలభై నిమిషాలు విన్నారు. కాల్‌లో నలుగురున్నారు. ఇద్దరి పేర్లే చెప్పారు. "చాలా బాగుందండీ, స్క్రిప్టు పంపండి" అన్నారు. ఆ సంతోషంలో ముందూ వెనకా చూడకుండా పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత మాటా పలుకూ లేదు. అందులో తప్పు పట్టేదేమీ లేదు, మీకు వచ్చే కథలు ఎన్నో, నచ్చనివి ఎన్నో.

ఏడాదిన్నర తర్వాత ఇంకో చోట ఇదే కథ చెబుతున్నాను. బుల్లెమ్మ కాయలు లెక్కపెట్టే చోటికి వచ్చేసరికి అవతల ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"ఈ సీను నేను విన్నానమ్మా."

"ఎక్కడ సార్?"

"ఎవరో కుర్రాడు చెప్పాడు, పోయిన సంక్రాంతికి ముందు. పాప పేరు కూడా బుల్లెమ్మే."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన మంచివారు, నన్ను అనుమానించలేదు, కానీ కాల్ అక్కడితో ముగిసింది. ఆ కుర్రాడు ఎవరో ఆయనకు గుర్తు లేదు. మొదటి చోట అడిగితే, "మీ స్క్రిప్టు మా దాకా రానే లేదండీ" అన్నారు. ఎవరు ఎవరికి చెప్పారో, నలుగురిలో ఎవరి నోటి నుంచి జారిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఫలానావాళ్లు దొంగిలించారని నేను ఎవరినీ అనడం లేదు. అనడానికి నా చేతిలో ఏ ఆధారమూ లేదు. నన్ను బాధ పెడుతున్నది కూడా అదే. 118 పేజీలు రాసిన నా దగ్గర, ఆ కథ ఫలానా రోజు ఫలానా వాళ్లకు చెప్పానని చూపడానికి రెండు నీలం టిక్కులు తప్ప ఏమీ లేదు. అవి కూడా ఫోన్ మార్చినప్పుడు పోయాయి.

అప్పుడు నేను చట్టం చదవడం మొదలుపెట్టాను. లాయర్ని కాను. కానీ నాలుగేళ్ల కష్టం పోతుందేమోనన్న టెన్షన్‌లో అర్థమయ్యేదాకా చదివాను. చదివినదాంట్లో మంచి కబురు ఒకటుంది, విదేశాల్లో ఉండి రాసే మనవాళ్లందరూ తెలుసుకోవాల్సింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 13వ సెక్షన్ ప్రకారం, ఇంకా ప్రచురణ కాని రచన ఏదైనా, రాసే నాటికి రచయిత భారత పౌరుడైతే చాలు, మన దేశంలో దానికి కాపీరైట్ ఉంటుంది. కూర్చున్నది గుంటూరులోనా డాలస్‌లోనా అని చట్టం అడగదు. రాసిన క్షణం నుంచే హక్కు నాది. ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు, ముద్ర వేయించనక్కర్లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా స్నేహితురాలు "మరి నా సంగతో?" అని కంగారు పడింది. తనకూ భయం లేదు. 1886లో యూరప్‌లో పుట్టిన బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచి ఉంది, అమెరికా 1989లో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాల రచయితలకు మన చట్టం తన వాళ్లకిచ్చే రక్షణే ఇస్తుంది, 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు ద్వారా. ఆ హక్కు రచయిత బతికినన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ ఉంటుంది.

హక్కుకు ఢోకా లేదు. అసలు చిక్కంతా రుజువు దగ్గర.

కాపీ జరిగిందని కోర్టులో చెప్పాలంటే రెండు చూపాలి. రెండు రచనలూ ఒకేలా ఉన్నాయని ఒకటి. అవతలివాళ్లకు నా రచన అందిందని రెండోది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా ఒకేలాంటి కథ రాసుకుంటే అది నేరం కాదు, కాకూడదు కూడా. అందుకే ఆ రెండోది ముఖ్యం. దానికే మా దగ్గర కాగితం ఉండదు.

మొదటి దాని గురించి కూడా కాస్త చెప్పాలి. మనలో చాలామంది "నా ఐడియా కొట్టేశారు" అంటుంటారు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఐడియాకు, ఇతివృత్తానికి కాపీరైట్ లేదని. ఆనంద్ గారు నాటకం రాశారు, ఒక నిర్మాత ఢిల్లీ వచ్చి ఆయన్ని కలిసి ఆ నాటకం విన్నారు, తర్వాత సినిమా వచ్చింది. ఇతివృత్తం కలిసినా, చెప్పిన తీరు వేరని కోర్టు ఆయన కేసు కొట్టేసింది. ఆ తీర్పు మొదట చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాలుగోసారి చదివినప్పుడు న్యాయమే అనిపించింది. మిర్చి రైతు కష్టం నా సొత్తు కాదు. యార్డులో రాత్రి పడుకున్న రైతు గురించి ఎవరైనా రాయొచ్చు, రాయాలి. తాలు కాయకు అర్ధరూపాయి లెక్క, దడవాయి మార్చిన నాలుగు కాయలు, అతను నోరు విప్పకపోవడం, ఇవి మాత్రం నావి. ఇవే కనిపించే సినిమా చూసినవాడికి, నా స్క్రిప్టు కూడా చదివి ఉంటే, ఇది దాని నకలే అని గట్టిగా అనిపించాలి. కోర్టు పెట్టిన కొలబద్ద దాదాపు ఇదే.

ఈ తీర్పు నుంచి మా రచయితలు నేర్చుకోవాల్సింది కూడా ఉంది. రెండు పేజీల సినాప్సిస్, అంటే కథ సారాంశం, పంపితే అందులో ఉండేది చాలావరకు ఐడియానే. సీన్లు, సంభాషణలు పూర్తిగా రాసిన స్క్రిప్టులోనే మన చెయ్యి కనిపిస్తుంది. ముందు పూర్తిగా రాసుకోండి, తర్వాత చెప్పండి. నేను ఆ పని చేశాను, ఆ మేరకు అదృష్టవంతురాలిని.

నమ్మి చెప్పిన మాటకు చట్టంలో వేరే చోటు ఉంది. నమ్మకం మీద ఇచ్చిన కాన్సెప్టును వాడుకుంటే, కాపీరైట్ సంగతి ఎలా ఉన్నా, అది నమ్మకద్రోహమని బొంబాయి హైకోర్టు 2003లో జీ టెలీఫిల్మ్స్, సన్‌డయల్ కమ్యూనికేషన్స్ కేసులో చెప్పింది. అక్కడ కూడా అడిగేది ఇదే, ఎవరికి, ఎప్పుడు, ఏమని నమ్మి చెప్పావు అని. మళ్లీ కాగితమే.

మా నాన్న సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం రాయలేను. ఆయన తెనాలిలో గుమాస్తాగా చేసేవారు. తెనాలి అంటే నాటకాల ఊరు, రాత్రుళ్లు రిహార్సల్సు, పరిషత్తు పోటీలు. నాన్న రాత్రిళ్లు పొడుగు నోట్‌బుక్కులో నాటికలు రాసేవారు. నేను చిన్నపిల్లని, ఎనభైల్లో, ఒక నాటక సమాజం వాళ్లు ఇంటికి వచ్చి ఒక నోట్‌బుక్ తీసుకుపోయారు. "చదివి ఇస్తాం మాస్టారూ" అన్నారు. అందరూ ఆయన్ని మాస్టారూ అనే పిలిచేవారు. కార్బన్ పెట్టి రాసే అలవాటు నాన్నకు లేదు, ఉన్నది ఆ ఒక్క ప్రతే. రెండేళ్ల తర్వాత ఒక పరిషత్తులో నాటిక చూడటానికి నన్ను వెంట తీసుకెళ్లారు. పేరు మారింది, రచయిత పేరు ఇంకెవరిదో. తెర లేచిన అయిదు నిమిషాలకు నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. ఆఖరుదాకా వదల్లేదు. బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాక ఒకే మాట అన్నారు. "తండ్రి పాత్ర బాగా చేశాడమ్మాయ్, ఆ చివర డైలాగు దగ్గర నేను అనుకున్నట్టే ఆగాడు." తర్వాత నాటికలు రాయలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. 1957 చట్టం అప్పుడు కూడా ఉంది. హక్కు ఆయనదే. కానీ చేతిలో ఏముంది? ఒక నోట్‌బుక్, అది వాళ్ల దగ్గర.

నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన కార్బన్ పేపరు వాడలేదు, నేను వాట్సాప్‌లో పంపాను. నలభై ఏళ్ల తేడాలో జరిగినదొకటే.

రెండో చోట ఆ మాట విన్న వారానికే నేను స్క్రిప్టును ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడానికి దరఖాస్తు పెట్టాను. అంతా ఆన్‌లైన్‌లోనే. 2013 కాపీరైట్ రూల్స్‌లోని 14వ ఫారం నింపాలి, స్క్రిప్టు జతచేయాలి. సాహిత్య, నాటక రచనలకు ఫీజు 500 రూపాయలు. నా తరఫున మా తమ్ముడు గుంటూరు నుంచి కట్టాడు. దరఖాస్తు చేరగానే డైరీ నంబరు వస్తుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. రచన తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు, భాష ఏదో రాయడానికి గడి ఉంది. సర్టిఫికెట్ వచ్చిన రోజు తమ్ముడు దాని ఫొటో పంపాడు. నాన్న ఫొటో పక్కన పెట్టి తీశాడు.

రిజిస్ట్రేషన్ వల్ల హక్కు పుట్టదు, అది ముందే ఉంది. కానీ 48వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టరులోని వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. తప్పని చూపాల్సిన భారం అవతలివాళ్ల మీద పడుతుంది. 500 రూపాయలకు ఇంతకన్నా గట్టి కాగితం దొరకదు. మన ఊళ్లల్లో చాలామంది ఇప్పటికీ స్క్రిప్టును కవర్లో పెట్టి తమకు తామే పోస్టులో పంపుకుని, విప్పకుండా బీరువాలో దాచుకుంటారు. ఆ కవరు మీది ముద్ర కవరు ఎప్పుడు వెళ్లిందో చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. ఆ ఖర్చుకు ఇంకొంత కలిపి ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకోండి, కథ ఎవరికీ చెప్పకముందే. నా సర్టిఫికెట్ తేదీ, నేను మొదటిసారి కథ చెప్పిన తేదీ కన్నా చాలా తర్వాతది. ఆ మధ్య కాలం నాకు ఎప్పటికీ ఖాళీయే.

దూరాన ఉన్నవాళ్లకు వచ్చే ఇబ్బందులు మీకు తెలియకపోవచ్చు, అందుకే రాస్తున్నాను. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ రచయితకు ఒక పెద్ద మేలు చేసింది. రచయిత తాను నివసించే ఊరి జిల్లా కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. అంటే గుంటూరులో ఉండే రచయిత గుంటూరులోనే వేయొచ్చు, అవతలివాళ్లు వచ్చి సమాధానం చెప్పుకోవాలి. నాకు ఆ మేలు దక్కదు. మా ఇల్లు ఇక్కడ ఉంది, మా అమ్మ ఇక్కడ ఉంది, కానీ చట్టం చూసేది నేను ఎక్కడ నివసిస్తున్నానో. నేను అవతలివాళ్ల ఊరికి పోవాలి, లేదా తప్పు జరిగిన చోటికి.

పోనీ తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇద్దామంటే, దాన్ని అక్కడ నోటరీ చేయించి, వేరే దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర వేయించాలి, లేదా కాన్సులేట్‌కు వెళ్లాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇవన్నీ చేసినా, తమ్ముడు కాగితాలు దాఖలు చేయగలడు గానీ, "ఈ సీను మా అక్క ఫలానా రాత్రి రాసింది" అని బోనెక్కి చెప్పలేడు. పవర్ ఇచ్చినవాళ్లకు మాత్రమే తెలిసిన విషయాల మీద పవర్ పట్టుకున్నవాడు సాక్ష్యం చెప్పకూడదని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. రాసింది నేను, చెప్పాల్సింది నేనే. దానికి సెలవు, టికెట్టు, పిల్లలు. ఒక్క సంతకం ఉంటే ఈ తిరుగుడులో సగం తగ్గుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ప్రచురణ కాని రచన రాసిన వాళ్లందరూ అమెరికాలో స్థిరంగా ఉండేవాళ్లయితే, పౌరులు కాకపోయినా, అక్కడి చట్టం దాన్ని అమెరికా రచనగానే లెక్కిస్తుంది. అలాంటి రచన మీద అక్కడ దావా వేయాలంటే ముందు అక్కడి కాపీరైట్ ఆఫీసు రిజిస్ట్రేషన్ ఇచ్చి తీరాలి, దరఖాస్తు పెట్టామంటే చాలదని అక్కడి సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. కాపీ మొదలవకముందే రిజిస్టర్ అయి ఉంటేనే లాయరు ఖర్చులు, చట్టం నిర్ణయించిన నష్టపరిహారం అడగొచ్చు. ఒకే రచయిత, ఒకే రచన అయితే ఫీజు 45 డాలర్లు. మన సినిమాల ప్రీమియర్లు డాలస్‌లో ఇండియా కన్నా ముందే పడుతున్న రోజులివి. అక్కడ పడే ప్రతి షోకూ అక్కడి చట్టం వర్తిస్తుంది. అందుకే నేను రెండు చోట్లా చేయించాను. మెల్‌బోర్న్‌లో ఉన్న మా విజయవాడ స్నేహితురాలికి ఆ దారి లేదు, ఆస్ట్రేలియాలో కాపీరైట్ రిజిస్ట్రేషన్ అన్న పద్ధతే లేదు. బ్రిటన్‌లోనూ అంతే. అలాంటివాళ్లకు ఢిల్లీయే దిక్కు.

ఇంక మీ వైపు నుంచి కూడా ఆలోచించాను. మీ భయం నాకు తెలుసు. "సంతకం పెడితే రేపు ఏ సినిమా తీసినా ఈవిడ కోర్టుకెక్కుతుంది" అనుకుంటారు. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. సినిమా విడుదలకు రెండు రోజుల ముందు "ఆ కథ నాది" అని ఎవరో ఒకరు వస్తారు. వాళ్లు చెప్పేది నిజమో కాదో తేల్చడానికి మీ దగ్గర కూడా కాగితం ఉండదు. మీ డబ్బు, పంపిణీదారుల డబ్బు, విజయవాడ గాంధీనగర్‌లో ఫిల్మ్ బాక్సుల కోసం ఎదురుచూసిన రోజుల నుంచీ మీరు పడుతున్న ఆ ఆఖరు రోజుల హైరానా, అన్నీ దాని మీద వేలాడతాయి. రసీదు ఉంటే, ఆ మనిషి మీ దగ్గరకు వచ్చాడా లేదా అన్నది ఒక్క నిమిషంలో తేలుతుంది. రాకపోతే రాలేదని మీ రిజిస్టరే చెబుతుంది. అదే రసీదులో మీరు కూడా ఒక వాక్యం రాసుకోండి, "ఇలాంటి కథ మా దగ్గర ఇప్పటికే తయారవుతోంది" అని, ఉంటే. నాకు అభ్యంతరం లేదు. నిజంగా ఉంటే నేను అక్కడే లేచి నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

ఆ కాగితంలో ఉండాల్సింది కొంచెమే. కథ పేరు, చెప్పినవారు, విన్నవారు అందరూ, పేరు పేరునా, తేదీ, విన్నది నోటి మాటా, స్క్రిప్టా, స్క్రిప్టయితే ఎన్ని పేజీలు. మెయిల్లో పంపితే ఫైలు హాష్ విలువ కూడా రాసుకుంటే ఇంకా మంచిది. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హాష్ విలువ కూడా అడుగుతున్నారు. కాబట్టి ఇది నా చాదస్తం అనుకోకండి. కొనకపోయినా, నచ్చకపోయినా, ఎవరికీ చెప్పం అన్న ఒక్క ముక్క చివర రాయండి. అది చాలు.

రచయితల సంఘం పెద్దలకు నా విన్నపం కాస్త వేరు. మీలో చాలామంది ఈ గుంటూరు, కృష్ణా మట్టి మీదే మొదటి డైలాగు రాసినవాళ్లు. ఈ రసీదు నమూనా మీరే తయారుచేయండి, మీ పేరు మీద వస్తే నిర్మాతలు వింటారు. ఒక్క సినిమా కూడా రాయని, హైదరాబాద్‌లో ఎవరూ తెలియని, దూరదేశంలో ఉన్న మనిషి కూడా తన స్క్రిప్టును మీ దగ్గర తేదీ వేయించుకునేలా దారి చూపండి. డిసెంబరు, జనవరిలో మావాళ్లు వేలమంది ఇళ్లకు వస్తారు, గన్నవరంలో దిగి గుంటూరుకో బెజవాడకో పోతారు. ఆ రోజుల్లో విజయవాడలో ఒక గది తీసుకుని, కాపీరైట్ తెలిసిన లాయరొకరిని, మీలో ఇద్దరు పెద్దలను కూర్చోబెడితే, ఢిల్లీ ఫారం ఎలా నింపాలో, ఒప్పందంలో ఏం చూసుకోవాలో అక్కడే చెప్పొచ్చు.

ఒప్పందాల మాట వచ్చింది గనక ఒకటి. "అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, ఎప్పటికీ" అని రాసి ఉన్న పీడీఎఫ్ మీద డాలస్ నుంచో దుబాయ్ నుంచో ఈ-సంతకం పెట్టేసేవాళ్లు చాలామంది. చట్టం అంత గుడ్డిగా పెట్టమనలేదు. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లే, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. హక్కులు తీసుకుని ఏడాది లోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు, ఆ హక్కులు రచయితకు తిరిగి వస్తాయి. 2012 సవరణ తర్వాత, సినిమాలో చేరిన సాహిత్య, సంగీత రచనలకు హాల్లో ఆడటం కాక ఇంకెక్కడ వాడినా వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోలేడు, వదులుకుంటున్నానని రాసినా చెల్లదు. కొత్తవాళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరు. మీరు చెప్పండి.

నిన్న సాయంత్రం బ్రాడీపేటలో జిరాక్స్ షాపులో స్క్రిప్టు రెండు కాపీలు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. షాపు కుర్రాడు పేజీలు సర్దుతూ ఒక పేజీ దగ్గర ఆగి, "మా తాత కూడా యార్డులో దడవాయేనండీ" అన్నాడు. తర్వాత చదువుతూనే సర్దాడు. రెండు కాపీల చివరా ఒక అదనపు పేజీ పెట్టాను. అదే రసీదు. కథ పేరు, నా పేరు, 118 పేజీలు అని ముందే రాశాను. తేదీ, విన్నవారి పేర్లు, సంతకాల దగ్గర ఖాళీ వదిలాను.

ఈ నెలాఖరుదాకా గుంటూరులోనే ఉంటాను. మీలో ఎవరు పిలిచినా, విజయవాడ అయినా హైదరాబాద్ అయినా వస్తాను. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రెండోది సంతకం పెట్టి నాకు ఇవ్వండి.

ఇట్లు,
బ్రాడీపేట, గుంటూరు నుంచి
ఒక స్క్రిప్టు రచయిత్రి